శవం ముందు చేసిన రాజీ చెల్లదు

కృష్ణా డెల్టాలో వరిచేనుకు పురుగుమందు కొడుతూ కూలీ కుప్పకూలితే తర్వాత ఏం జరుగుతుందో మనకు తెలుసు. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ, ఆ తర్వాత విజయవాడ పెద్దాసుపత్రి. ప్రాణం పోతే శవం పల్లెకు చేరకముందే పెద్దమనుషులు కూర్చుంటారు. ఎంతో కొంత తేల్చి, భార్య చేత కాగితం మీద వేలిముద్ర వేయిస్తారు. దానికి ‘సాయం’ అని పేరు పెడతారు. మేం అంటున్నది ఒక్కటే: అది సాయం కాదు, బాకీ.

1923 నాటి పరిహార చట్టం యజమాని తప్పు చేశాడా అని అడగదు. పనిలో ఉండగా, పని కారణంగా ప్రమాదం జరిగిందా అని మాత్రమే చూస్తుంది. ‘తాగి ఉన్నాడు’, ‘మాస్కు పెట్టుకోమంటే వినలేదు’ అనే వాదనలు మరణం కేసులో నిలవవు. ‘రోజుకూలీ కదా’ అనే సాకును 2000 నాటి సవరణ తీసేసింది. హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న కాగితం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. మరణ పరిహారం కమిషనర్ దగ్గర జమ కావాలి. కొద్దిపాటి అడ్వాన్సు తప్ప, కుటుంబం చేతిలో నేరుగా పెట్టిన డబ్బు పరిహారం కింద లెక్కకు రాదని 8వ సెక్షన్ చెబుతుంది.

లెక్క కూడా చూద్దాం. నెల జీతంలో సగాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చిస్తారు. లెక్కలోకి తీసుకునే జీతానికి 2020 జనవరి నుంచి 15,000 రూపాయల పరిమితి ఉంది. అంత సంపాదించే నలభై ఏళ్ల కూలీకి గుణకం 184.17. అంటే 13,81,275 రూపాయలు. నెల దాటినా చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే సగం వరకు జరిమానా. రచ్చబండ దగ్గర తేల్చే మొత్తాన్ని దీని పక్కన పెట్టి చూడండి.

2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. మూల సూత్రాలు అందులోనూ ఉన్నాయి. పాత లోపం కూడా అలాగే ఉంది. పొలం పనుల్లో షెడ్యూలు గుర్తించింది ట్రాక్టరు వంటి యంత్రాలతో చేసే సాగునూ, పురుగుమందు పిచికారీనీ. చేత్తో నాట్లు వేసే, కలుపు తీసే ఆడవాళ్ల ప్రస్తావన లేదు. డెల్టాలో ఆ వంగిన నడుముల్లో ఎక్కువ మన పల్లెలవే. గట్టు మీద పాము కరిచి చనిపోతే ఆమె ఏ చట్టం కిందికి వస్తుంది?

ఇంకో చిక్కు మనం దాచుకోకూడదు. ఇక్కడ సాగులో పెద్ద భాగం కౌలుదే. కూలీని పిలిచింది కౌలుదారు కాబట్టి చట్టం దృష్టిలో యజమాని అతనే. అతనూ మన పల్లె మనిషే కావచ్చు. పదమూడు లక్షలు అతని దగ్గర ఎక్కడివి? భూమి మీద కౌలు పుచ్చుకునే ఆసామికి మాత్రం ఏ బాధ్యతా అంటదు.

అందుకే ఈ భారాన్ని ప్రభుత్వం బీమాగా మోయాలి. ఇది కొత్త కోరికేమీ కాదు. మురుగు కాలువల్లో చనిపోయిన వారి కుటుంబాలకు 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు ప్రభుత్వాలను ఆదేశించింది. మ్యాన్‌హోల్‌లో పోయిన ప్రాణానికి ప్రభుత్వం బాధ్యత వహించగలిగితే, మడిలో పోయిన ప్రాణానికి ఎందుకు వహించదు?

అంతవరకు మన చేతిలో ఉన్న పని చేద్దాం. పోస్టుమార్టం జరిగేలా, పోలీసు ఫిర్యాదు నమోదయ్యేలా చూద్దాం. ఆ రోజు ఎవరు పనికి పిలిచారో, ఎంత కూలి మాట్లాడారో తోటి కూలీల చేత రాయిద్దాం. గడువు మీరకముందే కార్మిక శాఖలో దరఖాస్తు వేద్దాం. ఇదివరకే వేలిముద్ర పడిందని ఏ ఇల్లాలూ వెనక్కి తగ్గనక్కర్లేదు. ఆ కాగితం ఆమె హక్కును చెరిపెయ్యలేదు.