ఓడ బయలుదేరే రోజునే విమానం దిగవద్దు



అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నలను న్యూయార్క్ నుంచి ఓడ ప్రయాణానికి తీసుకెళ్తున్నారు. సంతోషమే. కానీ ఓడ బయలుదేరే రోజు ఉదయమే విమానం దిగేలా టికెట్లు తీయడం నాకు నచ్చదు. మిగిలేది ఒక రాత్రి హోటల్ అద్దె, విమానం ఆలస్యమైతే పోయేది మొత్తం ప్రయాణం.

నాలుగింటికి ఓడ అంటే నాలుగింటికి చేరితే చాలదు. ప్రయాణికుల జాబితా 60 నిమిషాల ముందే అక్కడి సరిహద్దు అధికారులకు అందాలి. అందుకని సాధారణంగా గంట, గంటన్నర ముందే ఎక్కించుకోవడం ఆపేస్తారు. చెయ్యెత్తితే ఆగడానికి అది మన ఊరి బస్సు కాదు.

పైగా న్యూయార్క్ ఓడ అంటే రేవు ఒకటే కాదు. మన్‌హాటన్‌లో హడ్సన్ నది ఒడ్డున ఒకటి, బ్రూక్లిన్‌లో రెడ్ హుక్ దగ్గర ఒకటి, నీళ్లకు అవతల న్యూజెర్సీలోని బేయాన్‌లో మరొకటి. టికెట్ మీద ఏ రేవు పేరుందో చూసి డ్రైవరుకు చెప్పాలి. మన్‌హాటన్ రేవు 12వ అవెన్యూలో ఉంది. దగ్గరి సబ్‌వే స్టేషన్ 8వ అవెన్యూలో. పెట్టెలతో, మోకాళ్ల నొప్పులతో పెద్దవాళ్లను అంత దూరం నడిపిస్తారా? టాక్సీ దగ్గర లెక్కలు చూడకండి.

పెద్ద పెట్టెలు రేవు బయటే తీసేసుకుంటారు. మన సంఘంలో ఒకమ్మగారు భద్రంగా ఉంటుందని పాస్‌పోర్టును చీరల మడతల్లో పెట్టారట. ఆ పెట్టె వెతికి తెచ్చేదాకా కుర్చీలో కూర్చుని ఏడ్చారట. కొడుకు విసుక్కున్నాడట కూడా. ముందురోజు రాత్రి అమ్మ పక్కన కూర్చుని ఆ పెట్టె సర్దాల్సింది ఎవరు బాబూ?