స్కార్ఫ్ సరే, బడిలో దళమేదీ?

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థకు 75 ఏళ్లు నిండాయి. 1950 నవంబర్ 7న పుట్టిన ఈ సంస్థ 2025 నవంబర్‌లో లక్నోలో 19వ జాతీయ జాంబోరీ జరిపి వజ్రోత్సవాలకు ముగింపు పలికింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన వేల మంది పిల్లలు గుడారాల్లో కలిసి బతికారు. మంచిదే. పిల్లల పండుగను కాదనేవాళ్లం కాము. అయితే ఆ పండుగ ముగిశాక హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బడుల్లో ఏం మిగిలిందో అడిగే హక్కు మనకుంది. సీమ బిడ్డల పేరు మీద జరిగే ప్రతి పనికీ సీమ ప్రజలకు లెక్క చెప్పాల్సిందే. నీళ్ల లెక్క అడిగినట్టే, నిధుల లెక్క అడిగినట్టే, ఈ లెక్క కూడా అడుగుతున్నాం.

ఏడాది తిరగ్గానే వార్షిక నివేదిక రాసుకోవడం ఏ సంస్థకైనా అలవాటే. ఎన్ని శిబిరాలు పెట్టాం, ఎన్ని ర్యాలీలు తీశాం, ఆగస్టు 15న ఎంతమంది కవాతు చేశారు, ఎన్ని మొక్కలు నాటాం అని అంకెలు పేర్చుకుంటూ పోవచ్చు. పెద్దమనిషి మెడలో స్కార్ఫ్ వేసిన ఫోటో అట్ట మీద అచ్చేసుకోవచ్చు. కానీ ఆ నివేదిక చదివిన చిలమత్తూరు రైతుకు, ధర్మవరం మగ్గం కార్మికుడికి తన బిడ్డకు దక్కిందేమిటో తెలియకపోతే అంకెలెన్ని ఉండి ఏం లాభం?

మా దృష్టిలో విజయానికి కొలబద్ద ఒక్కటే. ఆరో తరగతిలో ప్రభుత్వ బడిలో చేరిన పిల్లో పిల్లోడో అదే బడిలో చదువుకుంటూ, ఒక్కో మెట్టూ ఎక్కి, రాష్ట్రపతి పురస్కారం దాకా పోయే దారి ఉందా లేదా? ఉంటే ఆ బడిలో దళం బతికి ఉన్నట్టు. లేకుంటే అక్కడున్నది యూనిఫాం మాత్రమే.

ఈ మెట్ల సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. తెలియజెప్పేవాళ్లూ తక్కువే. పదేళ్లు నిండిన పిల్లలు స్కౌట్లుగా, ఆడపిల్లలైతే గైడ్లుగా చేరతారు. ముందు ప్రవేశ్. ఆ తర్వాత ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్‌లు. ఆపైన రాజ్య పురస్కార్. అన్నిటికన్నా పైన రాష్ట్రపతి పురస్కారం. తాడు ముడులు, ప్రథమ చికిత్స, దిక్కులు గుర్తించడం, మ్యాపు చదవడం, ఆరుబయట వంట, ఊరి సేవ... ఒక్కో మెట్టుకూ నెలల తరబడి పని, దాని మీద పరీక్ష ఉంటాయి. ఆరేడుగురు పిల్లలు కలిస్తే ఒక పెట్రోల్. నాలుగు పెట్రోళ్లు, గరిష్ఠంగా 32 మంది పిల్లలు కలిస్తే ఒక దళం. పెట్రోల్‌కు నాయకుడు పిల్లల్లోంచే వస్తాడు. తమ పని తాము పంచుకోవడం, తమ తప్పు తాము దిద్దుకోవడం వాళ్లే నేర్చుకుంటారు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. పదేళ్లకు మొదలై పదిహేడు, పద్దెనిమిది మధ్య ముగిసిపోయే వయసు ఇది. తొమ్మిదో తరగతిలో దళం పెట్టి, పదో తరగతి పరీక్షల పేరుతో మూసేస్తే ఆ పిల్లలు రెండు మూడు మెట్ల దగ్గరే ఆగిపోతారు. స్కౌట్ మాస్టర్‌కు బదిలీ అయినా అంతే. సారు పోతే దళం పోతుంది. పెట్టెలో జెండా, మూలన కర్రలు మిగులుతాయి. కాగితం మీద మాత్రం ఆ దళం ఏళ్ల తరబడి బతికే ఉండొచ్చు.

ఈ ఉద్యమం మన గడపలోకి కొత్తగా వచ్చిందేమీ కాదు. బేడెన్ పోవెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో తొలి శిబిరం పెట్టింది 1907లో. రెండేళ్లకే, 1909లో బెంగళూరులో స్కౌట్ దళం మొదలైంది. హిందూపురానికి బెంగళూరు ఎంత దూరం? పొద్దున రైలెక్కి పోయి పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరేంత. కానీ ఆ దళంలో తెల్లవాళ్ల, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే చోటు. మన పిల్లలకు తలుపులు మూసేశారు. ఆ తలుపు ముందు నిలబడి బతిమాలుతూ కూర్చోకుండా మనవాళ్లు సొంత దళాలు కట్టుకున్నారు. మన సీమలోని మదనపల్లెలో 1915లో కళాశాల స్థాపించిన అనీబిసెంటే మరుసటి ఏడాది మద్రాసులో భారతీయ బాలల కోసం స్కౌట్ సంఘం పెట్టారు. ఉత్తరాదిన మదన్ మోహన్ మాలవ్య, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవా సమితి స్కౌట్ సంఘాన్ని నిలబెట్టారు. భారతీయుల గురించి బేడెన్ పోవెల్ చేసిన వ్యాఖ్యలు మంట పుట్టించాక 1938లో హిందుస్థాన్ స్కౌట్ సంఘం ఏర్పడింది. ఈ పాయలన్నీ స్వాతంత్ర్యం తర్వాత ఒక్కటై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. ఖాకీ నిక్కరు తెల్లదొర తెచ్చింది కావచ్చు. ఆత్మగౌరవం మాత్రం మనవాళ్లు తెచ్చిందే. ఉద్యమ పత్రికకు స్కౌట్ల గోల దేనికని అడిగే మిత్రులకు మా జవాబు ఈ చరిత్రలోనే ఉంది.

ఇంకో జవాబు పెనుకొండ రైల్వే స్టేషన్‌లో ఉంది. 2012 మే 22 తెల్లవారుజామున హంపి ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగి ఉన్న గూడ్సు రైలును ఢీకొట్టింది. పెట్టెకు నిప్పంటుకుంది. పాతిక మంది దాకా చనిపోయారు. ఏడాదిన్నర తిరిగేసరికి 2013 డిసెంబర్ 28న, అది కూడా తెల్లవారుజామునే, కొత్తచెరువు దగ్గర బెంగళూరు - నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ పెట్టె తగలబడి 26 మంది బలయ్యారు. ఇలాంటి చోట సహాయ రైలు, అంబులెన్సు, అగ్నిమాపక శకటం వచ్చేలోగా ఉండేది చుట్టుపక్కల ఊళ్ల జనమే. మన జనానికి గుండె ధైర్యం తక్కువ కాదు. చేతులకు తర్ఫీదు కావాలి. రక్తం కారే గాయాన్ని ఎక్కడ అదిమి పట్టాలి, వెన్ను దెబ్బతిన్న మనిషిని ఎట్లా కదిలించకూడదు, రెండు కర్రలూ ఒక దుప్పటితో స్ట్రెచర్ ఎట్లా కట్టాలి... పన్నెండేళ్ల స్కౌట్‌కు నేర్పే పాఠాలివి. రైలు పట్టా పక్కనున్న ప్రతి ఊరిలో ఇవి తెలిసిన పదిమంది యువకులుంటే ఎంత తేడా వస్తుందో వేరే చెప్పాలా?

రైలు అంటే ఉద్యోగాల మాట కూడా చెప్పుకోవాలి. రైల్వే జోన్లు స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా కింద ఉద్యోగ ప్రకటనలు ఇస్తుంటాయి. పోస్టులు కొద్దే. కానీ వాటికి దరఖాస్తు చేయాలంటే రాష్ట్రపతి పురస్కారమో, హిమాలయన్ ఉడ్ బ్యాడ్జో ఉండాలి. ఐదేళ్లుగా సంస్థలో చురుకైన సభ్యులై ఉండాలి. జాతీయ స్థాయిలో రెండు, రాష్ట్ర స్థాయిలో రెండు కార్యక్రమాల్లో పాల్గొని ఉండాలి. ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్‌లోనూ స్కౌట్స్ అండ్ గైడ్స్‌కు ప్రత్యేక విభాగం ఉంది. ధర్మవరం జంక్షన్ గుంతకల్లు డివిజన్‌లో ఉంది. పెనుకొండ, హిందూపురం స్టేషన్లు బెంగళూరు డివిజన్‌లో ఉన్నాయి. రైళ్లు మన కళ్ల ముందే పోతుంటాయి. అందులో కొలువుకు దారి చూపే సర్టిఫికెట్ మాత్రం మన ఊరి బడిలో పుట్టదు! ప్రకటన వచ్చిన రోజు పరుగెత్తితే ఏం లాభం? ఆ అర్హత ఆరో తరగతిలోనే మొదలు కావాలి. దళం లేని బడి ఆ పిల్లోడి తలుపు పదేళ్ల ముందే మూసేస్తోంది. నోటిఫికేషన్‌లో ఎక్కడా ‘సీమ వాళ్లు అనర్హులు’ అని రాసి ఉండదు. రాయకుండానే పని జరిగిపోతుంది. మనకు అలవాటైన అన్యాయం ఇట్లాంటిదే.

ఆడపిల్లల పరిస్థితి మరింత గట్టిగా అడగాలి. గైడ్ దళాన్ని నడపాలంటే శిక్షణ పొందిన మహిళా ఉపాధ్యాయిని కెప్టెన్‌గా ఉండాలి. ఆమె లేకపోతే గైడ్ దళమే లేదు. ‘మా బడిలో స్కౌట్స్ ఉన్నారు’ అని గర్వంగా చెప్పేవాళ్లను గైడ్లు ఎంతమందని అడిగి చూడండి. మన పల్లెల్లో పదో తరగతి కాగానే పెళ్లి మాట ఎత్తే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ధర్మవరంలో మగ్గం పక్కన కండెలు చుడుతూ చదువుకునే ఆడపిల్లలున్నారు. నలుగురి ముందు నిలబడి ఏడుగురి పెట్రోల్‌ను నడిపిన పిల్ల రేపు తన పెళ్లి వయసు గురించి, తన చదువు గురించి ఇంట్లో నోరు విప్పగలుగుతుంది. జిల్లాలో ఎన్ని గైడ్ దళాలు నడుస్తున్నాయన్నది వార్షిక నివేదికలో మొదటి పేజీలో ఉండాల్సిన అంకె.

ఇక దూరం సంగతి. ఈ సంస్థ తొలి జాతీయ జాంబోరీ 1953లో హైదరాబాద్‌లో జరిగింది. 1960లో బెంగళూరులో జరిగింది. 2016 చివర్లో మైసూరులో జరిగింది. పెద్ద పండుగలు పెద్ద నగరాల్లో చేసుకోనివ్వండి, మాకు పేచీ లేదు. కానీ ఏటా జరగాల్సిన సోపాన్ పరీక్షలు, ఉపాధ్యాయుల వారం రోజుల శిక్షణలు మనకు దగ్గర్లో జరగకపోతే ఎట్లా? 2014లో రాష్ట్రం విడిపోయింది. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. కార్యాలయాల బోర్డులు మారాయి. రొళ్ల, అమరాపురం పిల్లోడికి బస్సు చార్జీ ఎంత తగ్గిందన్నదే మాకు కావాలి. కూలికి పోయే తల్లి వెయ్యి రూపాయలు పెట్టి బిడ్డను శిబిరానికి పంపలేదు. పంపలేకపోవడం ఆమె తప్పు కాదు.

శిబిరాలకు చోటు లేదనే మాట ఎవరూ చెప్పకూడదు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండ మనది. ఆ కొండ, ఆ కోట కన్నా పిల్లలకు పెద్ద పాఠశాల ఏముంది? దిక్కులు గుర్తించడం, మ్యాపు గీయడం, రాత్రి నడక, నీళ్లు పొదుపుగా వాడుకుంటూ వంట... అన్నీ అక్కడే నేర్చుకోవచ్చు. కోట గోడల మీద పిచ్చిరాతలు రాయకుండా కాపు కాసే పని కూడా వాళ్లకే అప్పగించవచ్చు. ప్రభుత్వ ఆస్తిని కాపాడటం స్కౌట్ నియమాల్లోనే ఉంది కదా.

అందుకే రాబోయే ఏడాదికి ఐదు లక్ష్యాలు ముందుంచుతున్నాం. ఒకటి: మూడు పట్టణాల్లోనూ, చుట్టుపక్కల మండలాల్లోనూ ప్రతి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఆరో తరగతి నుంచే దళం మొదలు కావాలి. రెండు: ప్రతి బడిలో ఒక్కరికి కాక ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలి. ఒకరు బదిలీ అయినా దళం ఆగకూడదు. ఆ ఇద్దరిలో ఒక మహిళ ఉండాలి. మూడు: సోపాన్ పరీక్షా శిబిరాలు పెనుకొండలో, ఉచితంగా జరగాలి. యూనిఫాం ఖర్చు కూడా పిల్లల మీద పడకూడదు. నాలుగు: డిగ్రీ కళాశాలల్లో రోవర్, రేంజర్ దళాలు పెట్టి, స్టేషన్లలో ప్రథమ చికిత్సకు, వేసవిలో మంచినీళ్లకు వాళ్లను సిద్ధం చేయాలి. పాతికేళ్ల దాకా యువత అందులో ఉండవచ్చు. ఐదు: ఏటా నవంబర్ 7న, సంస్థ పుట్టినరోజున, ఏ బడిలో ఎంతమంది ఏ మెట్టు మీద ఉన్నారో, ఎంతమంది మధ్యలో ఆగిపోయారో, నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో తల్లిదండ్రుల ముందు చదివి వినిపించాలి.

ఇందులో కోట్ల రూపాయలు కావాల్సింది ఏదీ లేదు. జిల్లా విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇస్తే, రైల్వే ఒక చెయ్యి వేస్తే, పట్టణాల్లో వ్యాపారులు, చేనేత సంఘాలు తలా కొంచెం పూనుకుంటే అయ్యే పని. ఎండలో, వానలో, వేతనం లేకుండా పిల్లల వెంట తిరుగుతున్న స్కౌట్ మాస్టర్లు, గైడ్ కెప్టెన్లు మన మధ్యే ఉన్నారు. వాళ్లకు మా నమస్కారాలు. ఈ మాటలు వాళ్ల మీద ఫిర్యాదు కాదు, వాళ్లను ఒంటరిగా వదిలేసిన వ్యవస్థ మీద.

పాఠకులకు మా విన్నపం ఒక్కటే. జూన్‌లో బడి తెరిచిన వారంలో మీ ఊరి ఉన్నత పాఠశాలకు వెళ్లండి. హెడ్మాస్టరును మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. మా బడిలో దళం ఉందా? ఆరో తరగతి పిల్లలు అందులో ఉన్నారా? ఆడపిల్లలకు కెప్టెన్ ఎవరు? వచ్చిన జవాబు ఒక పోస్టుకార్డు మీద రాసి మాకు పంపండి. ఊరి పేరుతో సహా అచ్చేస్తాం. జిల్లా అధికారుల బల్ల మీద పెట్టి జవాబు అడుగుతాం.