జిల్లాలు ఎనిమిదైనా.. కోడ్‌లు పాతవే!
ప్రాంతాన్ని చెప్పే ఎస్టీడీ నంబరు.. ప్రాంతమే లేని టోల్ ఫ్రీ నంబరు
తేడా తెలియకపోతే నష్టం సామాన్యుడికే

నల్గొండ, మహబూబ్‌నగర్: ఉమ్మడి నల్గొండ జిల్లా 2016 అక్టోబరు 11న మూడు జిల్లాలైంది. పాలమూరు నుంచి అదే రోజు కొత్త జిల్లాలు ఏర్పడగా, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వాటికి తోడైంది. కలెక్టరేట్లు మారాయి, బోర్డులు మారాయి. టెలిఫోన్ కోడ్‌లు మాత్రం మారలేదు. నల్గొండకు 08682, సూర్యాపేటకు 08684, భువనగిరికి 08685, మిర్యాలగూడకు 08689, మహబూబ్‌నగర్‌కు 08542, వనపర్తికి 08545, గద్వాలకు 08546 నేటికీ కొనసాగుతున్నాయి. టెలిఫోన్ శాఖ దేశాన్ని జిల్లాలుగా కాక, ఇంచుమించు పాత తాలూకాల పరిమాణంలో సుమారు 2,600 ఛార్జింగ్ ప్రాంతాలుగా విభజించడమే ఇందుకు కారణం.

పది అంకెల లెక్క
ముందున్న సున్నాను మినహాయిస్తే కోడ్, నంబరు కలిపి పది అంకెలు ఉండాలన్నది నియమం. హైదరాబాద్ కోడ్ 40 రెండంకెలు కనుక అక్కడి నంబర్లకు ఎనిమిది అంకెలు ఉంటాయి. నల్గొండ కోడ్ నాలుగంకెలు కనుక ఇక్కడి నంబర్లు ఆరంకెలకే పరిమితం. సున్నా కోడ్‌లో భాగం కాదు. కాల్ ఊరు దాటి వెళ్తోందని ఎక్స్ఛేంజీకి తెలిపే సంకేతం మాత్రమే. అందుకే గల్ఫ్ నుంచి నల్గొండకు ఫోన్ చేసేవారు సున్నా వదిలి 91 తర్వాత 8682 నొక్కాలి.

ఈ అంకెలకు రాష్ట్ర సరిహద్దులతోనూ నిమిత్తం లేదు. నల్గొండ కోడ్ విజయవాడ (0866), గుంటూరు (0863) వరుసలో ఉండగా, మహబూబ్‌నగర్ కోడ్ కర్నూలు (08518), అనంతపురం (08554) వరుసలో ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయినా ఆ వరుస చెదరలేదు.

దూరానికి ధర
ఒకప్పుడు ఈ కోడ్‌లే బిల్లును నిర్ణయించేవి. దూరం పెరిగేకొద్దీ పల్సు తగ్గేది, ఛార్జీ పెరిగేది. ముంబై, పుణెలకు వలస వెళ్లిన పాలమూరు కూలీలు రాత్రి పొద్దుపోయి ఛార్జీ తగ్గాక ఎస్టీడీ బూత్‌ల వద్ద బారులు తీరేవారు. 2006లో బీఎస్ఎన్ఎల్ ప్రవేశపెట్టిన నిమిషానికి రూపాయి పథకంతో ఆ భారం చాలావరకు తొలగింది.

టోల్ ఫ్రీ మర్మం
1800తో మొదలయ్యే నంబరుకు ఊరంటూ ఉండదు. అది ఏ ఫోన్‌కూ నేరుగా చెందినది కాదు. కాల్ రాగానే టెలికాం సంస్థ కంప్యూటర్ దానిని ఒక అసలు నంబరుగా మార్చి సంబంధిత కేంద్రానికి పంపుతుంది. బిల్లు ఫోన్ చేసినవారిపై కాక నంబరు తీసుకున్న సంస్థపై పడుతుంది. రైతుల కోసం 2004 జనవరిలో ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటర్ (1800-180-1551) ఇందుకు మంచి ఉదాహరణ. దేవరకొండ రైతు అయినా, అచ్చంపేట రైతు అయినా పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే సలహా పొందవచ్చు.

1860 నంబర్ల సంగతి వేరు. చూడటానికి ఒకేలా ఉన్నా ఇవి ఉచితం కావు. ఖర్చులో కొంత ఫోన్ చేసినవారే భరించాలి. ఇక 1800 నంబర్లు సాధారణంగా దేశం లోపలే పనిచేస్తాయి. గల్ఫ్‌లో ఉన్నవారు కోడ్‌తో కూడిన సాధారణ నంబరును కూడా రాసి పెట్టుకోవడం మేలు. అత్యవసర సేవలకు ఉన్న 108, 112, బాలల సహాయానికి ఉన్న 1098 వంటి నంబర్లకు ముందు ఏ కోడూ అవసరం లేదు.

మోసాలకు తావు
ఊరు తెలియకపోవడమే టోల్ ఫ్రీ నంబరుకు సౌలభ్యం, అదే దాని లోపం కూడా. 08542 చూడగానే అది పాలమూరు నంబరని తెలుస్తుంది. 1800 వెనుక ఎవరున్నారో అంకెలను బట్టి తెలియదు. దీన్ని ఆసరాగా చేసుకొని మోసగాళ్లు బ్యాంకుల పేరిట నకిలీ నంబర్లను ఇంటర్నెట్‌లో ఉంచుతున్నారు. పాస్‌బుక్‌పైనో, ఏటీఎం కార్డు వెనుకనో ముద్రించిన నంబరునే నమ్మాలి. సొమ్ము పోయినట్లు తెలిస్తే ఆలస్యం చేయక 1930కు ఫిర్యాదు చేయాలి.

ముందున్న మార్పు
ల్యాండ్‌లైన్ నుంచి ల్యాండ్‌లైన్‌కు చేసే ప్రతి కాల్‌కూ సున్నా, కోడ్ జోడించాలని ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో కేంద్రానికి సిఫారసు చేసింది. నంబర్ల కేటాయింపును తాలూకా స్థాయి నుంచి సర్కిల్ స్థాయికి మార్చాలన్నది దాని ఉద్దేశం. అమలైతే ప్రస్తుత నంబర్లు మారవు గానీ, నల్గొండలో పక్క వీధికి ఫోన్ చేయాలన్నా 08682 నొక్కక తప్పదు. ఆరంకెలు మాత్రమే రాసి ఉన్న కార్యాలయాల బోర్డులను, రసీదులను పూర్తి నంబరుతో ఇప్పటినుంచే సరిదిద్దుకుంటే ప్రజలకు ఇబ్బంది తప్పుతుంది.