కల్లంలో చెమట, లెక్కలో తెలివి

సంపాదకులకు,

గత సంచికలో ‘ఒళ్లు వంచడం పాతకాలపు పద్ధతి, వ్యాపారానికి తెలివి చాలు’ అన్న వ్యాసకర్త ఒక్కసారి పల్నాడు రావాలి.

మాచర్ల సిమెంటు సంగతే చూడండి. ఐసీఎస్ అధికారిగా పనిచేసిన వెలగపూడి రామకృష్ణ 1941లో ఉయ్యూరు చక్కెర మిల్లుతో కేసీపీ సంస్థకు పునాది వేశారు. 1958లో ఆ సంస్థ మాచర్లలో సిమెంటు కర్మాగారం తెరిచింది. సున్నపురాయి ఉన్నచోటికే ఫ్యాక్టరీ వెళ్లింది. దగ్గర్లోనే అప్పట్లో నాగార్జునసాగర్ కడుతున్నారు, 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టది. చోటు ఎంపిక తెలివే. కానీ క్వారీలో రాయి పగలగొట్టి బట్టీ దాకా చేర్చింది కూలీల రెక్కలే కదా!

మిర్చి కథా అంతే. కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర వచ్చినప్పుడు అమ్మమనడం తేలిక. అద్దె భరించే స్తోమత, అప్పు తీర్చే గడువు ఉన్న రైతుకే ఆ వీలు.

పైగా నిల్వకు ముందు పని ఉంది. కాయ కల్లంలో తేమ 10-11 శాతానికి దిగేదాకా ఎండాలి. రాత్రి మంచు పడకుండా పట్టాలు కప్పాలి. తాలు కాయలు ఏరాలి. ఈ శ్రమలో లోపం జరిగితే బూజు పడుతుంది. అప్పుడు గుంటూరు యార్డులో టిక్కీకి (మిర్చి బస్తాకు) ధర తెగ్గోస్తారు.



— ఒక పాఠకుడు, నరసరావుపేట