ఆ పిల్లల్ని ఏమని పిలుస్తున్నాం?

పెంపుడు కుక్క అంటాం. పెంపుడు బిడ్డ అని కూడా అంటాం. వినే బిడ్డకు ఆ మాట ఎలా తగులుతుందో ఎప్పుడైనా ఆలోచించామా?

సోలాపూర్ తూర్పు భాగంలో తరాల క్రితం తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. మగ్గం మీద, బీడీల మీద బతికిన ఇళ్లవి. తల్లో తండ్రో చనిపోతే, మంచాన పడితే, పిల్లలు వేరే ఇంట పెరగాల్సి వస్తుంది. అలాంటి పిల్లల పోషణకు మహారాష్ట్ర ప్రభుత్వం బాల సంగోపన్ యోజన కింద నెలనెలా సాయం ఇస్తోంది. సాయానికి దరఖాస్తు ఉంది. కానీ ఆ ఇంటి ఆవిడను తెలంగాణ తీరున ‘అవ్వ’ అనాలా, మరాఠీలో ‘ఆయీ’ అనాలా, ‘మావశీ’ అనాలా? ఇది బిడ్డ ఒంటరిగా తేల్చుకోవాల్సిందే.

అందుకే ఇలాంటి పిల్లలు ఎక్కడున్నా తమలో తాము కొన్ని మాటలు కల్పించుకుంటారు. మారుపేర్లు, పొట్టి మాటలు, ఎగతాళి మాటలు. మనకది పోకిరి భాష. వాళ్లకది తలుపు గడియ.

బ్రిటన్‌లో అధికారులు ‘లుక్డ్ ఆఫ్టర్ చైల్డ్’ను కుదించి ‘ల్యాక్’ అనేవారు. ఇంగ్లీషులో అలా పలికే మాటకు ‘లోటు’ అని అర్థం. 2019లో టాక్ట్ అనే సంస్థ పిల్లలనే అడిగి ఒక పదాల పట్టిక తెచ్చింది. ‘ప్లేస్‌మెంట్’ వద్దు, ‘ఇల్లు’ అనండి అన్నారు వాళ్లు.

మన దేశంలో 2015 బాలల న్యాయ చట్టం 3వ సెక్షన్ కూడా పిల్లల వ్యవహారాల్లో నిందించే మాటలు కూడదంటోంది. అయితే ‘అనాథ’ బదులు ‘స్వనాథ’ అనాలన్న పిటిషన్‌ను 2022లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. ఆ మాటలో కళంకం లేదంది. నిఘంటువులో లేకపోవచ్చు. క్రిస్మస్ వేదిక మీద మైకులో ‘ఈ అనాథ పిల్లలకు దుప్పట్లు’ అని ప్రకటిస్తే మాత్రం ఉంటుంది. పేరు పెట్టే హక్కు ఇచ్చే చేతికే ఉందని ఆ మైకు చెబుతోంది.

తల్లిదండ్రులు లేని ఎస్తేరును మొర్దెకై పెంచాడు. ఆ గ్రంథానికి ఆమె పేరే ఉంది.

యువతీ యువకులారా, వచ్చే ఆదివారం ఆ పిల్లల్ని పేరుతో పిలవండి. ఏ పేరు ఇష్టమో వాళ్లనే అడగండి. వాళ్ల మాటలను దిద్దకండి, అనుకరించి నవ్వకండి. వేదిక మీద ఆ ప్రకటన చదవమని మీకు కాగితం ఇస్తే, అది మార్చమని పాస్టరుగారిని గౌరవంగా అడగండి. అలా అడగడం కూడా పరిచర్యే.