తెలుగు రాయడానికి ఏ మీట పెట్టుకోవాలి, ఏది వద్దు

ఈసారి కంప్యూటర్ గురించి రాస్తున్నాను. భయపడకండి, చివరికి తెలుగు దగ్గరికే వస్తాను.

నేను ఖరగ్‌పూర్‌లో పెరిగాను. నాన్న రైల్వే ఉద్యోగి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో హిందీ, బెంగాలీ. వింటే అంతా అర్థమయ్యేది, అక్షరం మాత్రం వచ్చేది కాదు. అమెరికాలో రిటైరయ్యాక, అరవై దాటిన వయసులో, గుడి ఆఫీసులో కూర్చుని అఆలు నేర్చుకున్నాను.

ఆ ఆఫీసులో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. అందులో ఉబుంటు లినక్స్ వేశారు. ప్రతి శనివారం అన్నదానం నోటీసు నేనే తెలుగులో టైప్ చేసేవాణ్ణి. పది వరుసలకి గంట పట్టేది. సేవకి వచ్చే ఒక కుర్రాడు అది చూసి, "అంకుల్, ఎందుకింత కష్టం?" అని ఒక చిన్న స్క్రిప్ట్ రాసి, దానికి మూడు మీటల షార్ట్‌కట్ పెట్టాడు. నొక్కితే చాలు. నోటీసు తయారు, వచ్చే శనివారం తారీకు కూడా దానంతటదే పడుతుంది, ప్రింటర్‌లోంచి కాగితం బయటికి వస్తుంది. నాకు ఎంత సంతోషమో! ఆరు నెలలు అదే నొక్కాను.

ఒక శనివారం ఒక పెద్దావిడ వచ్చారు. కొడుకు దగ్గరికి వచ్చారట. ఆ రోజు వాళ్ళాయన సంవత్సరీకం. అన్నదానానికి డబ్బు కట్టి, "బాబూ, ఆయన జ్ఞాపకార్థం అని చిన్న కాగితం మీద తెలుగులో వేసి, వడ్డించే చోట పెడతావా?" అని అడిగారు. సరే అని కూర్చున్నాను. జ దొరికింది. తర్వాత పొల్లు ఎక్కడ? ఞ ఎక్కడ? వేళ్ళు కదల్లేదు. ఆవిడ ఎదురుగా నిలబడే ఉన్నారు. లోపల వడ్డన మొదలైపోయింది. చివరికి ఇంగ్లీషులో కొట్టి ఇచ్చాను. ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "పర్లేదులే బాబూ" అన్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆయన పేరు ఎక్కడుందో నేనే వేలు పెట్టి చూపించాను.

ఆ రాత్రి ఆ షార్ట్‌కట్ తీసేశాను.

నేను చెప్పేది షార్ట్‌కట్లు చెడ్డవని కాదు. మనలాంటివాళ్ళకి అవి చాలా అవసరం. కానీ వాటిలో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి మనల్ని పని దగ్గరికి తీసుకెళ్తుంది. ఇంకొకటి మన బదులు పని చేసేస్తుంది. గుడి రసీదుల ఫైళ్ళని యూఎస్‌బీలోకి కాపీ చేసే మీట నాకు ఇప్పటికీ ఉంది. ఆ పని మిషన్ చేస్తే నాకు నష్టం లేదు, అందులో నేను నేర్చుకునేది ఏమీ లేదు. తెలుగు రాయడం అలాంటిది కాదు. నేర్చుకునేవాడి బదులు మీట రాస్తే, నేర్చుకునేది ఎవరు?

అందుకని ఇప్పుడు తెలుగు కోసం మూడు మీటలే ఉంచుకున్నాను.

మొదటిది భాష మార్చేది. సెట్టింగ్స్‌లో కీబోర్డ్ అనే చోట తెలుగు చేర్చుకుంటే, సూపర్ మీట, అంటే విండోస్ గుర్తు ఉండే మీట, పట్టుకుని స్పేస్ నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకి మారుతుంది. నేను వాడేది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి. అందులో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి. కె మీట మీద క, ఎల్ మీట మీద త, డి మీట మీద పొల్లు. పొల్లు ఎక్కడుందో ఇక మర్చిపోను.

రెండోది నా నోట్‌బుక్ తెరిచేది. సెట్టింగ్స్‌లో అదే కీబోర్డ్ పేజీలో షార్ట్‌కట్స్‌లోకి వెళ్తే, చివర కస్టమ్ షార్ట్‌కట్స్ అని ఉంటుంది. అక్కడ మూడే అడుగుతుంది: పేరు, కమాండ్, ఏ మీటలు. కమాండ్ దగ్గర ఎక్స్‌డీజీ-ఓపెన్ అని రాసి, పక్కన ఫైల్ అడ్రసు పూర్తిగా ఇచ్చాను. సూపర్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే నోట్‌బుక్ తెరుచుకుంటుంది. రోజూ మూడు వాక్యాలు రాస్తాను. ఇదివరకు ఫైల్ వెతికేలోపే బద్ధకం వచ్చేది.

మూడోది చదివి వినిపించేది. మన చెవికి తెలిసిన మాటలు కంటికి తెలియవు కదా! ఈస్పీక్-ఎన్‌జీ అనే ఉచిత ప్రోగ్రామ్‌కి తెలుగు గొంతు ఉంది. లినక్స్‌లో ఒక మాటని మౌస్‌తో గీసి ఎంచుకుంటే చాలు, కాపీ కొట్టకుండానే ఎక్స్‌క్లిప్ అనే ప్రోగ్రామ్ దాన్ని అందుకుంటుంది. కొత్త వేలాండ్ సిస్టమ్‌లలో అయితే డబ్ల్యూఎల్-పేస్ట్. ఆ మాటని ఈస్పీక్‌కి అందిస్తే పైకి చదువుతుంది. గొంతు రోబోలా ఉంటుంది, మా అమ్మ గొంతులా కాదు. అయినా "ఓహో, ఈ మాటా!" అని గుర్తుపట్టడానికి చాలు.

ఇక్కడ నేను రెండు రోజులు తల పట్టుకున్నాను. టెర్మినల్‌లో పనిచేసిన కమాండ్ షార్ట్‌కట్‌లో పనిచేయలేదు. ఎందుకంటే షార్ట్‌కట్ ఆ కమాండ్‌ని షెల్‌కి పంపదు, నేరుగా నడుపుతుంది. ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకో ప్రోగ్రామ్‌కి అందించే నిలువు గీత దానికి అర్థం కాదు. హోమ్ ఫోల్డర్‌కి పెట్టే అల గుర్తు కూడా అర్థం కాదు. అందుకని ఆ వరుసని ఒక స్క్రిప్ట్ ఫైల్‌లో పెట్టి, ఆ ఫైల్‌ని నడపడానికి అనుమతి ఇచ్చి, దాని పూర్తి అడ్రసు షార్ట్‌కట్‌లో రాయండి.

మా కుర్రాడు ఒప్పుకోలేదు. "అంకుల్, నోటీసు భక్తుల కోసం, మీ ప్రాక్టీసు కోసం కాదు" అన్నాడు. అతని మాట కొట్టిపారేయలేను. నోటీసు ఆలస్యమైతే జనానికి ఇబ్బంది. అందుకని గురువారమే మొదలుపెడుతున్నాను. ఇప్పుడు ఇరవై నిమిషాల్లో అయిపోతోంది. తప్పులుంటే పంతులు గారు దిద్దుతారు.

మీ కంప్యూటర్‌లో ఇలాంటి మీటలు ఉంటే ఒక్కోదాన్నీ చూసుకోండి. అది మిమ్మల్ని తెలుగు దగ్గరికి తెస్తుంటే ఉంచండి. మీకు రావలసిన తెలుగు అదే రాసేస్తుంటే తీసేయండి.

ఆ పెద్దావిడ మళ్ళీ రాలేదు, ఊరికి వెళ్ళిపోయారట. ఈ వ్యాసంలో జ్ఞాపకార్థం అనే మాట మాత్రం ఒక్కో అక్షరం నేనే కొట్టాను.