జానెడు కారు, బారెడు ఓర్పు

1965లో టోక్యో మోటారు ప్రదర్శనలో టొయోటా సంస్థ తొలిసారిగా చూపిన ఒక కారు, జపాను వాహనాలను గురించి లోకానికి అంతవరకు ఉన్న అభిప్రాయాన్ని కదిలించింది. చవకైనవి, చిన్నవి, కుటుంబ అవసరాలకు సరిపడేవి అయిన బండ్లను మాత్రమే ఆ దేశం తయారు చేయగలదని భావించినవారికి టొయోటా 2000 జీటీ ఒక సమాధానం. పొడవైన ముక్కు, వెనుకకు వాలుగా జారిన పైకప్పు, నేలనుండి 116 సెంటీమీటర్ల ఎత్తు. నిలుచున్న మనిషి ఛాతీని కూడా అందుకోదు. 1966 అక్టోబరులో యటాబే పరీక్షా పథంపై ఆ కారు 72 గంటలపాటు గంటకు 206 కిలోమీటర్ల సగటు వేగంతో పరుగెత్తి రికార్డులు నెలకొల్పింది. అయితే 1967 నుండి 1970 వరకు తయారైనవి మొత్తం 351 కార్లే.

1967లో విడుదలైన 'యూ ఓన్లీ లివ్ ట్వైస్' అనే జేమ్స్ బాండ్ చిత్రంలో ఈ కారు కనిపిస్తుంది. కథానాయకుడు షాన్ కానరీ ఆజానుబాహువు కావడంతో, ఆ చిత్రం కోసం పైకప్పు లేని రెండు కార్లను ప్రత్యేకంగా సిద్ధం చేయవలసి వచ్చింది. 2013లో అమెరికాలో జరిగిన ఒక వేలంలో ఒక 2000 జీటీ పదకొండు లక్షల డాలర్లకు పైగా ధర పలికింది. సామాన్యుడు దానిని కొనడం మాట అటుంచి, కంటితో చూడటమే అరుదు. అతనికి మిగిలిన మార్గం ఒక్కటే. అట్టపెట్టెలో, ప్లాస్టిక్ ముక్కల రూపంలో ఆ కారును ఇంటికి తెచ్చుకొని, తన చేతులతో తానే నిర్మించుకోవడం.

కార్ల నమూనాలలో బహుళ ప్రచారంలో ఉన్న కొలత ఇరవై నాలుగవ వంతు. అసలు 2000 జీటీ పొడవు 4,175 మిల్లీమీటర్లు. దానిని 24తో భాగిస్తే 174 మిల్లీమీటర్లు వస్తుంది; అంటే జానెడుకు కూడా తక్కువే. 1,600 మిల్లీమీటర్ల వెడల్పు 67కు, 1,160 మిల్లీమీటర్ల ఎత్తు 48కి దిగివస్తాయి. బరువు లెక్క మరీ విచిత్రమైనది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఇరవై నాలుగు రెట్లు తగ్గినప్పుడు ఘనపరిమాణం 13,824 రెట్లు తగ్గుతుంది. సుమారు 1,120 కిలోల ఆ కారును అదే లోహంతో, అదే గాజుతో ఈ కొలతకు కుదించగలిగితే, దాని బరువు 81 గ్రాములు మాత్రమే ఉంటుంది.

ఈ విద్యకు జపానులో ఒక పుట్టిల్లు ఉంది. టోక్యోకు నైరుతి దిశలో ఉన్న షిజువోకా నగరం పూర్వకాలం నుండి కలపకు, కొయ్యపనికి పేరుమోసినది. నేడు జగత్ప్రసిద్ధమైన తమియా నమూనాల సంస్థ 1946లో అక్కడ కలప వ్యాపారంగానే మొదలైంది. తరువాత కొయ్య నమూనాల తయారీకి మళ్లింది. విదేశాల నుండి వచ్చిన ప్లాస్టిక్ నమూనాలు కొయ్యవాటి గిరాకీని దెబ్బతీయడంతో, 1960లో యమాటో యుద్ధనౌక నమూనాతో తానూ ప్లాస్టిక్ బాట పట్టింది. 1970లలో పోర్షే కారు నమూనాను నిర్మించదలచినప్పుడు ఆ సంస్థవారు నిజమైన పోర్షే 911ను కొని, ముక్కముక్కగా విడదీసి పరిశీలించారు. అవోషిమా, ఫుజిమి, హసెగావా సంస్థలు కూడా ఈ షిజువోకా ప్రాంతానివే. 2000 జీటీని 1/24 కొలతలో అందించినవారిలో హసెగావా ఒకటి.

కాకతాళీయమే కావచ్చు గాని, అసలు 2000 జీటీ పుట్టినదీ ఆ ప్రాంతంలోనే. టొయోటా పేరు ధరించినప్పటికీ, ఆ కార్లను కూర్చినది ఇవాటాలోని యమహా కర్మాగారం. యమహా పేరు వినగానే మనకు మోటారు సైకిళ్లు తోస్తాయి. కాని ఆ పేరుకు మూలం ఆర్గన్లు, పియానోలు చేసిన సంస్థ. వాద్యాలకు కొయ్యను చిత్రిక పట్టిన నేర్పే ఈ కారులోని రోజ్‌వుడ్ డ్యాష్‌బోర్డుకు కూడా ఉపకరించింది. ఒక ప్రాంతపు కొయ్యపని ఒకవైపు కారులోకి, మరొకవైపు ఆ కారు నమూనాలోకి ప్రవహించిందన్నమాట.

పెట్టె తెరిచి ముక్కలను జిగురుతో అతికించడం పిల్లలు కూడా చేయగలరు. సూక్ష్మ వివరాలన్నింటితో నమూనాను నిర్మించదలచినవాడికి మొదటి చిక్కు గణితంతోనే వస్తుంది. ఇరవై నాలుగుతో భాగిస్తే చాలునన్న నమ్మకం మొదటి వారంలోనే సడలిపోతుంది. అసలు కారు పైరేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. నమూనాలోని ప్లాస్టిక్ గుల్ల మందమూ దాదాపు అంతే. అంటే కొలత ప్రకారం ఆ గుల్ల రెండున్నర సెంటీమీటర్ల దళసరి రేకు అవుతుంది. గుల్ల అంతటినీ పలుచన చేస్తే చేతిలోనే చిట్లిపోతుంది. అందువల్ల చక్రాలపై వంపుల దగ్గర, కిటికీల అంచుల దగ్గర, అంటే మందం కంటికి కనిపించే చోట్ల మాత్రమే, లోపలివైపు నుండి గరుకు కాగితంతో అరగదీస్తారు. అంచు పలుచగా కనిపిస్తే చాలు. తక్కిన గుల్ల కూడా పలుచనిదేనని కన్ను తనంతట తానే నమ్ముతుంది.

రంగు విషయమూ ఇంతే. నిజమైన కారుపై రంగుపూత మందం మిల్లీమీటరులో పదవ వంతు ఉంటుందనుకుంటే, నమూనాపై అదే మందం రెండు మిల్లీమీటర్లకు పైబడిన పూతతో సమానం. తలుపుకూ దేహానికీ మధ్య గల నాలుగు మిల్లీమీటర్ల సందు నమూనాలో 0.17 మిల్లీమీటర్ల గీత అవుతుంది. అజాగ్రత్తగా నాలుగు పూతలు పూస్తే ఆ గీత పూడిపోయి, తలుపు తెరుచుకోని గోడలా తయారవుతుంది. కాబట్టి రంగుకు ముందే ఆ గీతలన్నింటినీ సన్నని మొనతో కొంచెం లోతుగా చెక్కుతారు. 2000 జీటీకి బాగా పేరు తెచ్చిన రంగు పెగాసస్ వైట్ అనే తెలుపు. తెలుపు దయలేని రంగు. అడుగు రంగును కప్పే శక్తి దానికి తక్కువ, దుమ్ము రేణువును చూపే శక్తి ఎక్కువ. ఎయిర్‌బ్రష్‌తో పొగమంచులాంటి పలుచని పూతలు వేస్తూ, ప్రతి పూతనూ ఆరనిచ్చి, అవసరమైన చోట తడి గరుకు కాగితంతో సున్నితంగా రుద్ది, మళ్లీ పూయాలి. చివరకు గీతలలో నలుపు నింపితే తెల్లని దేహంపై అది బొగ్గుతో గీసినట్లు వికారంగా ఉంటుంది. లేత బూడిద రంగు నింపినప్పుడే అది నీడలా కనిపిస్తుంది.

అన్నింటికంటే ఆలోచింపజేసేది డ్యాష్‌బోర్డు. అసలు కారులో ఉన్నది నిజమైన కొయ్య కాబట్టి, నమూనాలో కూడా నిజమైన కొయ్యను పెడితే సత్యానికి మరింత దగ్గర అవుతామని ఎవరికైనా తోస్తుంది. పలుచని కొయ్యపొరను కోసి అతికించినవాడికి నిరాశే మిగులుతుంది. కొయ్యలోని చారలు, రంధ్రాలు మనిషి కోసం కుదించుకొని పెరగవు కదా! అరచేతిలోని కారులో అవి ఇరవై నాలుగు రెట్లు పెరిగిన చారలుగా, గోతులుగా కనిపిస్తాయి. రోజ్‌వుడ్ కాస్తా కట్టెలమోపు నుండి ఊడదీసిన బెరడు అవుతుంది. అనుభవం గలవారు ప్లాస్టిక్ ముక్కపైనే లేత గోధుమరంగు పూసి, ఆరిన తరువాత దాదాపు పొడిగా ఉన్న కుంచెతో ముదురు ఎరుపు గోధుమరంగు చారలను లాగి, పైన పారదర్శకమైన నారింజ ఛాయ పూత ఒకటి వేస్తారు. నిజమైన కొయ్య కంటే ఆ ప్లాస్టిక్ కొయ్యే నిజమనిపిస్తుంది.

అనువాదకులకు ఈ అనుభవం కొత్తది కాదు. మూలంలోని ప్రతి మాటనూ విడువక మోసుకువచ్చిన అనువాదం చాలాసార్లు మూలానికి దూరమవుతుంది. భావం నిలవడానికి ఎక్కడ మాటను మార్చాలో తెలిసినవాడే మూలానికి విధేయుడు. నమూనా నిర్మాత కూడా అట్లాగే ఒక పరిమాణం నుండి మరొక పరిమాణంలోకి కారును అనువదిస్తున్నాడు.

అయితే ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉన్నది. కన్ను నమ్మితే చాలునని ఒకసారి ఒప్పుకున్న తరువాత, ఏ మోసానికైనా అదే సాకు కావచ్చు. తెలియనిదానిని ఊహతో నింపి, ఎవరు చూడవచ్చారని సరిపెట్టుకోవడం సులభం. మంచి నిర్మాతకూ తక్కినవారికీ మధ్య గీత ఈ చోటనే పడుతుంది. అతడు మార్పు చేస్తాడు, కాని తెలిసి చేస్తాడు. కొయ్యచారలను కుంచెతో గీసే ముందు అసలు చారలు ఏ దిశలో ఉన్నవో ఛాయాచిత్రాలలో వెదకి చూస్తాడు. జపానులో అమ్మిన కార్లకు అద్దాలు తలుపులపై కాక ముందు చక్రాలపై రెక్కల మీద ఉండేవని తెలుసుకొని, అక్కడనే రంధ్రాలు చేస్తాడు. 1969లో కారు ముందుభాగంలో కొన్ని మార్పులు జరిగినవి కనుక, తాను చేస్తున్నది ఏ సంవత్సరపు కారో ముందే నిశ్చయించుకుంటాడు. చాలా ఏళ్ల తరువాత మరమ్మతు చేసిన కార్లలో కొత్త భాగాలు చేరి ఉండవచ్చు. అందుచేత ఇప్పటి రంగుల ఛాయాచిత్రం కంటే ఆనాటి నలుపు తెలుపు చిత్రాన్నే ఒక్కొక్కప్పుడు ఎక్కువగా నమ్ముతాడు.

ఈ నిష్ఠకు అసలు పరీక్ష ఇంజను దగ్గర ఎదురవుతుంది. ఈ కొలత కార్ల పెట్టెలు చాలావాటిలో ఇంజను ఉండదు; బానెట్ దేహంతో కలిసి ఒకే ముక్కగా పోతపోసి వస్తుంది. ఇంజను కావాలనుకున్నవాడు ముందు ఆ బానెట్‌ను కోసి వేరు చేయాలి. పదునైన కత్తి వెనుక అంచుతో, ఒకే గీతపై, ఏ మాత్రం బలం ప్రయోగించకుండా పదులసార్లు గీస్తూ పోవాలి. తొందరపడి చేయి జారితే నున్నని ముక్కుపై గాటు పడుతుంది. లప్పంతో దానిని పూడ్చవచ్చు గాని, ఆ వంపులోని లావణ్యాన్ని మళ్లీ తీసుకురావడం కష్టం. ఈ గండం గడిచిన తరువాత ఇంజను నిర్మాణం. టొయోటా క్రౌన్ కారుకు చెందిన ఆరు సిలిండర్ల ఇంజనుకు యమహావారు కొత్త శిరోభాగాన్ని రూపొందించి, 1,988 ఘన సెంటీమీటర్ల నుండి 150 అశ్వశక్తిని రాబట్టారు. ఇంధనం అందించడానికి జంట గొట్టాల కార్బురేటర్లు మూడు. స్పార్కు ప్లగ్గులకు పోయే తీగలు నమూనాలో 0.3 మిల్లీమీటర్ల మందం దాటరాదు. మామూలు విద్యుత్ తీగలోని రాగి పోగు ఒకటి అందుకు సరిపోతుంది. ఆరు తీగలు ఏ క్రమంలో ఎక్కడికి వంగి పోతున్నవో చూసి అమర్చడానికి భూతద్దం, చిన్న పట్టకారు, ఊపిరి బిగబట్టగల నిగ్రహం కావాలి. ముందు చక్రాల వెనుక ఇరుపక్కలా మూతలున్న గూళ్లు కూడా ఈ కారుకు ప్రత్యేకం. ఒకదానిలో బ్యాటరీ, మరొకదానిలో గాలి వడపోసే సాధనం ఉంటాయి.

రోజుకొక గంట తీరిక దొరికే గృహస్థునికి ఇంతపని నెలల తరబడి సాగుతుంది. మధ్యలో విసుగు చెంది మూలన పెట్టినవారు, ఒకటి పూర్తి కాకుండానే మరి నాలుగు పెట్టెలు కొనిపెట్టుకొన్నవారు ఎందరో. కంటిచూపు మందగించే వయసులో ఈ పని మొదలుపెట్టినవాడికి, నేటికంటే రేపు సులువుగా ఉంటుందన్న భరోసా కూడా లేదు. అయినా పూర్తిచేసినవాడికి దక్కేది బొమ్మ ఒక్కటే కాదు. బానెట్ కింద ఏ తీగ ఎందుకు వంగిందో, పైకప్పు అంత కిందికి దిగడానికి లోపల ఏ భాగం ఎక్కడికి జరిగిందో అతనికి తెలుసు. కోట్లు పోసి ఆ కారును కొన్నవారందరికీ ఆ జ్ఞానం ఉండి తీరాలన్న నియమం లేదు.

చివరకు కారు గాజు పెట్టెలోకి చేరుతుంది. తెల్లని దేహం మెరుస్తుంది. బానెట్ మూసి ఉంటుంది, ఎందుకంటే ఆ కారు అందమంతా మూసి ఉన్నప్పటి ఆ పొడవైన వంపులోనే ఉంది. చూడవచ్చినవారు రంగును మెచ్చుకొని, చక్రాలను మెచ్చుకొని వెళ్లిపోతారు. ఆరు రాగి పోగులూ సరైన క్రమంలో ఉన్నవో లేవో వారు అడగరు. అవి సరిగానే ఉన్నవి.